హ్యాకరు: ఒక పదము, ఒక ధర్మసందేహము

మాటల జాతకములు మనుష్యుల జాతకములవలెనే విచిత్రములు. ఛందస్సును, అనగా వేదమును, ఎఱిగినవాడను గౌరవార్థముతో బయలుదేరిన "ఛాందసుడు" నేడు కాలమెఱుగని మూఢాచారపరునకు బిరుదైనది. ధర్మశాస్త్రములలో బలాత్కారముతో జేయు నేరమునకు పేరైన "సాహసము" నేడు పాఠశాలలలో పిల్లలను మెచ్చుకొను మాటయైనది. ఒకటి దిగినది, ఒకటి ఎక్కినది. ఎక్కుచు దిగుచు, ఒక్కొక్కప్పుడు రెండు మెట్లమీదను ఒకేసారి నిలిచియుండు మాట యొకటి ఇటీవల మా యర్రగొండపాలెమునకు వచ్చినది. అది "హ్యాకరు". నల్లమల యడవి యంచున నున్న యీ యూరికి అది కంప్యూటరులతోను సెల్లు ఫోనులతోను కలిసి వచ్చినది. దాని యర్థమును నిర్ణయింపవలసిన యవసరము మాకు నిఘంటువు వ్రాయుటలో గాక, ఒక పిల్లవాని భవిష్యత్తునుగూర్చిన కాగితముమీద సంతకము చేయవలసిన సమయమున గలిగినది.

మేము పనిచేయు పాఠశాలలో నొక కంప్యూటరు గలదు. విద్యార్థుల హాజరును, పరీక్షల మార్కులును అందులో నెక్కింపబడుచుండును. తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఒకనాటి మధ్యాహ్న విరామమున దాని రహస్యపదమును ఊహించి, అర్ధసంవత్సర పరీక్షల మార్కుల పట్టికను తెఱచెను. ఏ యంకెయు మార్చలేదు. సాయంకాలము తానే మాయొద్దకు వచ్చి, "సార్, మన పాస్‌వర్డు ఎవరైనా కనుక్కోవచ్చు సార్, మార్చండి" అని చెప్పెను. ఊరిపేరును, దాని ప్రక్క సంవత్సరమును చేర్చి ఆ పదమును పెట్టినవారము మేమే. తాళమువేసి చెవిని గుమ్మముమీదనే యుంచినట్లు మా పని యుండెనని యొప్పుకొనక తప్పదు.

మఱునాటికి సంగతి పాఠశాలయంతయు వ్యాపించెను. తోటి బాలురు "మావాడు హ్యాకరు" అని వాని చుట్టును మూగిరి. సహోపాధ్యాయు లొకరు "నేడు హ్యాకరైనవాడు రేపు బ్యాంకును దోచును, బదిలీపత్రమిచ్చి పంపివేయుడు" అనిరి. క్రొత్తగా వచ్చిన యువోపాధ్యాయు లొకరు నవ్వి, "వీడే నిజమైన హ్యాకరు, ఇట్టి శిష్యుడు దొరకుట మన యదృష్టము" అనిరి. మార్కాపురము పలకరాతి పనిలోనుండు తండ్రి కూలి మానుకొని వచ్చి, "అయ్యా, మావోడు హ్యాకరంట. పోలీసులు తీసుకపోతారా?" అని గుమ్మమువద్దనే నిలిచిపోయెను. ఒక పదము, నాలుగు నోళ్లు. ఒకరికి విస్మయము, ఒకరికి నేరము, ఒకరికి విద్య, ఒకరికి భయము. బదిలీపత్రపు కాగితము మా బల్లమీద నుండెను. తరగతి యుపాధ్యాయులము గనుక సంతకము మాది. ఈ నలుగురిలో ఎవరి యర్థమును స్వీకరించి మేము సంతకము చేయవలెను?

ముందుగా మాట పుట్టుకను విచారింతము. ఇంగ్లీషులో "హ్యాక్" అనగా మొద్దుగా నరుకుట. గొడ్డలితో కొమ్మను తెగవేయుటయే గాని ఉలితో శిల్పమును చెక్కుట కాదు. ఈ మోటుమాట విద్యావంతుల యాసలో క్రొత్త యర్థమును సంపాదించినది అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున. అచ్చట 1946లో స్థాపింపబడిన బొమ్మరైళ్ల సంఘ మొకటి కలదు. బల్లక్రింద తీగెలను మీటలను కూర్చి చిన్న రైళ్లను నడుపుచుండిన ఆ విద్యార్థులు, ఫలాపేక్ష లేక, చేయుటలోని యానందముకొఱకే చేసిన చమత్కారపు పనిని "హ్యాక్" అనుచుండిరి. 1959లో పీటర్ శామ్సన్ అను విద్యార్థి ఆ సంఘపు యాసమాటలకు చిన్న పదకోశమును కూర్చి అందులో దీనికి చోటిచ్చెను. వారిలో కొందఱు విద్యాలయపు కంప్యూటరులయొద్ద రాత్రులు గడుపసాగిరి. మాటయు వారి వెంటబోయెను. యంత్రము చేయగలదని దాని తయారీదార్లు సయిత మనుకొనని పనిని దానిచేత చేయించినవాడు హ్యాకరు. అది తోటివారిచ్చు బిరుదే గాని తనకు తాను తగిలించుకొనునది కాదు.

అయితే ఈ మాట తొలుత నిష్కళంకముగా నుండెననియు, వార్తాపత్రికలే చెఱచినవనియు కొందఱు చేయు వాదము పూర్తిగా నిలువదు. 1963 నవంబరునందే ఆ విద్యాలయపు విద్యార్థిపత్రిక, టెలిఫోను తీగెలతో నాటలాడి విద్యాలయమునకు చిక్కులు దెచ్చినవారిని హ్యాకరులనియే పేర్కొనెను. కావున వెలుగును నీడయు కూడియే పెరిగినవి. 1983లో "వార్‌గేమ్స్" అను చలనచిత్రము వచ్చెను. అందొక బాలుడు తెలియక సైన్యపు కంప్యూటరులో ప్రవేశించి ప్రపంచయుద్ధమునకు దారితీయబోవును. ఆ యేడే అమెరికాలోని మిల్వాకీ నగరపు యువకులు కొందఱు పెద్ద సంస్థల కంప్యూటరులలో జొరబడి పట్టుబడిరి. అప్పటినుండి లోకులకు హ్యాకరనగా చీకటిగదిలో గూర్చున్న దొంగయే. ఇది సహింపలేక 1985 ప్రాంతమున పాతవారు, జొరబడు దొంగకు "క్రాకరు" అను వేఱు పేరు పెట్టి చూచిరి. ఆ పేరు నిలువలేదు. మన దేశమున నైతే క్రాకరన్నచో దీపావళి టపాకాయయే గాని మఱొకటి తోపదు. 1993లో ఇంటర్నెట్టు వాడుకరులకొఱకు కూర్పబడిన పదకోశము, ఒక వ్యవస్థ లోపలి పనితీరును సూక్ష్మముగా నెఱుగుటయందు ఆనందించువాడే హ్యాకరని నిర్వచించి, దుర్మార్గులకు ఆ పేరు పెట్టుట తప్పని దిద్దెను. నిఘంటువు దిద్దినంతమాత్రమున లోకము దిద్దుకొనునా?

మన దేశపు శాసనమే యీ విషయమున తొట్రుపడినది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము తన 66వ విభాగమున "హ్యాకింగు"ను పేరు పెట్టి నేరముగా ప్రకటించినది. మూడేండ్లవఱకు కారాగృహము, రెండు లక్షల రూపాయలవఱకు జరిమానా అందు విధింపదగిన శిక్షలు. కాని 2008లో చేసి 2009 అక్టోబరునుండి అమలుపఱచిన సవరణలో ఆ విభాగమునుండి హ్యాకింగను మాటయే తొలగింపబడినది. నేటి చట్టము రెండు మెట్లుగ విచారించును. యజమాని యనుమతి లేక యితరుల కంప్యూటరులో ప్రవేశించుట 43వ విభాగము క్రింద పరిహారము చెల్లింపదగిన తప్పు. ఆ పనినే కపటబుద్ధితోగాని మోసబుద్ధితోగాని చేసినచో 66వ విభాగము క్రింద శిక్షింపదగిన నేరము. అనగా శాసనకర్తలు యాసమాటను వదలి, మనస్సును పరీక్షింప మొదలిడిరి. 2017లో కేంద్రప్రభుత్వమే "స్మార్ట్ ఇండియా హ్యాకథాన్" అను పేర దేశమంతటి కళాశాల విద్యార్థులకు పోటీ ప్రారంభించినది. పదునేడేండ్లలో నొకే ధాతువు శిక్షనుండి బహుమానమునకు వచ్చినది. తండ్రి యేల భయపడెనో, యువోపాధ్యాయు లేల నవ్విరో ఇప్పుడు తెలియుచున్నది. ఇద్దఱును సత్యమే పలికిరి. ఒకరు 2000 సంవత్సరపు సత్యమును, ఒకరు 2017వ సంవత్సరపు సత్యమును.

ఈ సందేహము పడమటినుండి దిగుమతియైన దని పాఠకులు తలంపవలదు. మన సాహిత్యమునకు ఇది పాతచుట్టమే. శూద్రకుని మృచ్ఛకటికమున మూడవ యంకములో శర్విలకుడను బ్రాహ్మణుడు చారుదత్తుని యింటికి కన్నము వేయును. ఆ కన్నమునకు సంస్కృతమున "సంధి" యని పేరు. వ్యాకరణము చదువు బాలునకు సంధి యనగా రెండు వర్ణముల కలయిక. చోరునకు సంధి యనగా గోడలో చేయు రంధ్రము. రెండును అతుకును గుర్తించు విద్యలే. ఎచ్చట అతికినదో యెఱిగినవాడు కలుపగలడు, విప్పగలడు. శర్విలకుడు తన పనిని శాస్త్రముగనే చేయును. కాల్చిన యిటుకనైన నూడదీయవలెను, పచ్చి యిటుకనైన కోయవలెను, మట్టిగోడనైన తడుపవలెనని విభాగించుకొనును. వికసించిన పద్మమువలెనా, సూర్యబింబమువలెనా, పూర్ణకుంభమువలెనా కన్నముండవలెనని చిత్రకారునివలె నాలోచించి పూర్ణకుంభమును నిర్ణయించును. కొలత త్రాడు మఱచి వచ్చుటచే జందెముతో కొలుచును. తెల్లవారిన తరువాత చారుదత్తుడు సయితము ఆ కన్నపు సొగసును జూచి మెచ్చుకొనును. తమ కాలపు హ్యాకరునకు తోటివారిచ్చిన ప్రశంసకును దీనికిని భేదమేమి?

కాని కవి యంతటితో నాపలేదు. పోయిన నగలు చారుదత్తునివి కావు. వసంతసేన దాచుకొమ్మని యిచ్చినవి. అవి పోయినవని తెలిసి చారుదత్తుడు మూర్ఛిల్లును. దరిద్రుడు గనుక తానే కాజేసెనని లోకులందురని యాతని దుఃఖము. భర్త మాట నిలుపుటకై యిల్లాలు ధూత తనకు పుట్టినింటివారిచ్చిన రత్నహారమును తీసియిచ్చును. శర్విలకుని యుద్దేశము దుష్టమైనది కాదు. ప్రియురాలైన మదనికను దాస్యమునుండి విడిపింపవలెననియే యాతని తాపత్రయము. ధూతను అతడు చూచియెఱుగడు. అయినను ఆతని నేర్పునకు మూల్యము చెల్లించినది ఆమె. మృచ్ఛకటికమును ఎన్నియో సారులు చదివితిమి, చెప్పితిమి. కన్నపు సొగసును వర్ణించుటయందు మాకున్న యుత్సాహము ధూత హారమునందు లేకపోయెను. దానికి ప్రాయశ్చిత్తమువలె మా తరగతియందే యొక ధూత బయలుదేరెను.

బాలుడు మార్కులు మార్చలేదుగదా, తానే వచ్చి చెప్పెనుగదా, యని మేము కాగితము చింపుటకు సిద్ధపడియుంటిమి. ఆనాడే యొక బాలిక బడికి రాలేదు. మఱునాడును రాలేదు. మూడవనాడు కారణము తెలిసినది. బాలుడు పట్టికను చూచిన యుత్సాహమున ఒక స్నేహితునితో ఫలానా యమ్మాయికి గణితమున నెన్ని మార్కులు వచ్చెనో చెప్పెను. ఆ స్నేహితుడు మఱొకనితో చెప్పెను. సాయంకాలమునకు అది యామె యింటికి చేరెను. ఆ యింట ఆడపిల్లకు చదువు చాలునని యదివఱకే పెద్దలు తర్జనభర్జన పడుచుండిరి. ఆ యంకె వారి చేతికి వాదమైనది. మేము వారి యింటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడితిమి. బాలిక గోడకానుకొని నిలిచి యంతయు వినెను. తుదకు "వాడు ఏమీ మార్చలేదంటున్నారు సార్. చూశాడు కదా?" అని యొక్కమాట యడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఆ ప్రశ్నతో మా విచారము త్రోవ మార్చుకొన్నది. అంతవఱకు మేము బాలుని నేర్పునే తూచుచుంటిమి, వాని మనస్సునే పరీక్షించుచుంటిమి. నేర్పున్నది, మనస్సు మంచిది, కావున దోషము లేదని సిద్ధాంతీకరించుచుంటిమి. నష్టపోయినవారి గడపవద్ద నిలిచి చూచిన లెక్క వేఱు. 1988 నవంబరులో రాబర్టు మోరిసు అను అమెరికా విద్యార్థి కంప్యూటరునుండి కంప్యూటరునకు తానే ప్రాకు చిన్న ప్రోగ్రామును విడిచెను. ధ్వంసము చేయుట తన యుద్దేశము కాదని యాతడు చెప్పెను. కాని లెక్క తప్పి యది హద్దులేక పెరిగి, నాటి యంతర్జాలమున వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. న్యాయస్థానము 1990లో ఆతనిని కారాగృహమునకు పంపక, పర్యవేక్షణలో నుండుటను, నాలుగువందల గంటల సమాజసేవను, జరిమానాను విధించెను. తరువాత నాతడు మసాచుసెట్సు విద్యాలయముననే యాచార్యుడయ్యెను. సమాజము ఆతని విద్యను నాశనము చేయలేదు. ఆతని తప్పును కప్పిపుచ్చనులేదు. ఈ రెండును ఒకేసారి చేయుట కష్టము. కాని ధర్మమార్గ మదియే యని మాకు తోచుచున్నది.

కావున, ఇట్టి పనినిగూర్చి తీర్పు చెప్పవలసివచ్చినపుడు మూడు ప్రశ్నలు వరుసగా వేయవలెనని మా యభిప్రాయము. మొదటిది, తలుపెవరిది? తన గడియారమును తాను విప్పి చూచుకొను బాలుడు దొంగ కాడు. వాడు చెడగొట్టినను పాఠము నేర్చినవాడే. పొరుగువాని గడియారమును విప్పినచో, మరల సరిగా బిగించినను, అడుగవలసినది అడుగలేదు. రెండవది, తెఱచినవాడు చెప్పెనా, దాచెనా? లోపమును కనిపెట్టి యజమానికి రహస్యముగా తెలిపినవారికి నేడు పెద్ద సంస్థలు బహుమానములిచ్చుచున్నవి. కాని అవి ముందుగనే హద్దులు చెప్పి, రండు, పరీక్షింపుడని పిలుచుచున్నవి. పిలుపునకును చొరబాటునకును నడుమ గడప యొకటే. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మూల్యమెవరు చెల్లించిరి? మొదటి రెండు ప్రశ్నలకు బాలుని యడిగి ప్రత్యుత్తరము తెలిసికొనవచ్చును. మూడవదానికి మాత్రము లేచి మఱొకరి యింటికి పోవలెను.

ఈ మూడు ప్రశ్నలతో జూడగా బాలుడు విద్యయందు నిర్దోషి, మాకు చెప్పుటయందు సత్యవంతుడు, గడప దాటుటయందు దోషి, చూచినదానిని బయటపెట్టుటయందు మిక్కిలి దోషి. తాళము నట్లు వేసిన మేమును దోషులమే. "హ్యాకర"ను ఒక్కమాటలో నిన్ని తీర్పులు పట్టునా? పట్టవు. అందుచేతనే ఆ మాటతో సంతకము చేయగూడదని నిశ్చయించితిమి. బదిలీకాగితమును చింపివేసితిమి. ముందు మేము బాలిక యింటికి మరల పోయి, మా యజాగ్రత్తను క్షమింపుడని యడిగితిమి. తరువాత బాలుడు తన తండ్రితో కలిసి పోయి తన తప్పును చెప్పుకొనెను. ఏమి చెప్పవలెనో మేము నేర్పలేదు. "నువ్వు ఎవరికీ చూపించుకోవాలనుకోనిది నేను చూశాను" అని వాడు చెప్పెనని తరువాత విన్నాము. బాలిక సోమవారమునాడు బడికి వచ్చినది. వానితో మాటలాడుట లేదు. అది యామె హక్కు. తొందరపెట్టుటకు మాకధికారము లేదు.

గృహస్థులైన పాఠకులకు మఱొక మాట చెప్పవలసియున్నది. నేడు మన యిండ్లలో ఈ పదమునకు అయిదవ యర్థమొకటి పుట్టినది. ఎవడో ఫోనుచేసి, తాను బ్యాంకువాడనని నమ్మించి, ఓటీపీ యంకెలను మనచేతనే చెప్పించుకొని సొమ్ము తీసికొనిపోవును. తరువాత మనము "ఫోను హ్యాకైనది" అందుము. అది హ్యాకు కాదు. గోడకు కన్నము పడలేదు. తియ్యనిమాటకు తలుపు తీయబడినది. అయినను మనకు ఆ మాట కావలెను. మోసపోయితిమనుట సిగ్గు, హ్యాకైనదనుట విధి. ఆ సిగ్గువలన ఇంటి యాడవారును వృద్ధులును నష్టమును దినములకొలది దాచి, 1930 అను సహాయసంఖ్యకు వెంటనే ఫోను చేయవలసిన సమయమును పోగొట్టుకొనుచున్నారు. మోసపోయినవాడు నేరస్థుడు కాడు. అత్తగాని మామగాని "ఇంకెవరును మోసపోలేదు, నీవే పోయితివా?" యని కోడలిని గద్దించు నింట, ఆమె రెండవసారి మోసపోయినపుడు అసలే చెప్పదు. మాటను సరిగా వాడుట ఇచ్చట వ్యాకరణవిషయము గాదు. ఇంటిలో నొకరినొకరు నమ్మగల స్థితిని గూర్చిన విషయము.

బాలుని తండ్రి కాగితము చింపిన సంగతి విని చాలసేపు మాటలాడలేదు. తరువాత, హ్యాకరనగా నేమని మమ్మడిగెను. మేము పైన వ్రాసిన చరిత్రను కుదించి చెప్పి, మూలార్థము మొద్దుగా నరుకుటయని తెలిపితిమి. ఆయన తల యూపి, "రాయికి పొర ఉంటుందయ్యా. పొర తెలిసినోడు ఉలి పెడితే పలక లేస్తది. తెలియనోడు కొడితే ముక్కలే" అనెను. మార్కాపురపు పలకమీదనే మేమును ఓనమాలు దిద్దితిమి. దానిని పొరనుండి లేపిన చేతుల నేర్పునుగూర్చి ఏనాడును తలపలేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులను పంచినపుడు, క్రొత్త పలకలు వచ్చినవని మాలో మేము వేడుకగా ననుకొంటిమి. ఈ క్రొత్త పలకకును పొరలున్నవి. వాని నెఱిగినవారు మనకు కావలెను. మన పిల్లలలోనే కావలెను. పొర చూపుటయే గాక, ఆ రాయి యెవరి నేలలోనిదో యడుగుటయును మనమే నేర్పవలెను.

ఆ బాలుడు ఇప్పుడు ప్రతి శనివారమును మాయొద్దకు వచ్చి రహస్యపదములెట్లుండవలెనో మాకు బోధించుచున్నాడు. క్రొత్త పదము మాకొక్కరికే తెలియును. వాడు దానిని ఊహించుటకు ప్రయత్నించుట లేదని చెప్పుచున్నాడు. మేము నమ్ముచున్నాము.